పొద్దున లండన్‌లో రైలెక్కి, కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో సైకిల్ తొక్కి, రాత్రి భోజనానికి ఇంటికి రావడం ఎలా

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళలో కాట్స్‌వోల్డ్స్ వెళ్ళనివాళ్ళు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా కార్లో బోర్టన్-ఆన్-ది-వాటర్ తీసుకెళ్తాం, పార్కింగ్ కోసం అరగంట చక్కర్లు కొడతాం, వాగు మీది చిన్న వంతెన దగ్గర ఫొటో దిగి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తాం. నేనూ మూడుసార్లు అదే చేశాను. నాలుగోసారి సైకిల్ మీద వెళ్ళాక తెలిసొచ్చింది, అంతకుముందు నేను చూసినవన్నీ పార్కింగ్ స్థలాలేనని. అక్కడి నుంచి రెండు మైళ్ళ లోపలే మనిషి అలికిడి లేని ఊళ్ళున్నాయి, వాటి మధ్య తిరిగే దారులు కారుకి ఇరుకు, నడకకి దూరం, సైకిల్‌కి మాత్రం సరిగ్గా సరిపోతాయి.

ఇక్కడ చెప్పే దారి దాదాపు 40 కి.మీ. పార్కులో ఆగకుండా 20 కి.మీ. తొక్కగలిగేవాళ్ళు ఎవరైనా చేయొచ్చు, కాకపోతే ఆగుతూ, తింటూ, చర్చిల్లోకి తొంగిచూస్తూ వెళ్తే ఐదారు గంటలు పడుతుంది. అంతకంటే త్వరగా ముగించాలనుకుంటే హైడ్ పార్కులోనే రౌండ్లు కొట్టుకోండి, రైలు చార్జీ మిగులుతుంది.

1. ముందు మ్యాప్, సైకిల్ సంగతి తర్వాత

రోజు బాగా గడవాలంటే కాళ్ళ బలం కన్నా రోడ్డు ఎంపిక ముఖ్యం. ఫోన్‌ని దారి అడిగితే దగ్గరి దారంటూ ఒక్కోసారి ఏ429 అనే పెద్ద రోడ్డు ఎక్కించేస్తుంది. అది రోమన్లు వేసిన ఫాస్ వే, ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా గీత గీసినట్టు పోయే దారి. చరిత్ర గొప్పదే, కానీ ఇప్పుడు దాని మీద లారీలు పోతుంటాయి, పక్కనుంచి లారీ వెళ్తే సైకిల్ మీద మనిషి ఒక అడుగు పక్కకి ఊగుతాడు. ఈ దారిలో దాన్ని రెండుసార్లు అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట పోయేది లేదు.

అందుకని ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ ఓఎల్45 మ్యాపు, కాగితంది గానీ యాప్‌లోది గానీ, తెరిచి ఒకసారి తీరిగ్గా చూడండి. నంబరు ముందు 'ఏ', 'బీ' అక్షరాలుండే పెద్ద రోడ్లు ముదురు రంగుల్లో లావుగా ఉంటాయి, పల్లెదారులు పసుపు రంగులో సన్నగా ఉంటాయి. మీకు కావాల్సింది పసుపు. పసుపు గీత మీద చిన్న బాణం గుర్తు ఒకటి కనిపిస్తే అక్కడ ఎక్కుడు 14 నుంచి 20 శాతం (వంద మీటర్లు పోతే అన్ని మీటర్ల ఎత్తు) అని అర్థం, రెండు బాణాలు పక్కపక్కన ఉంటే 20 శాతం పైనే. బాణం మొన పల్లం వైపు ఉంటుంది, కాబట్టి దారిని ఏ వైపు నుంచి తొక్కాలో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఆకుపచ్చ రంగులో పొట్టి పొట్టి గీతలుగా కనిపించేవి నడిచేవాళ్ళ కాలిబాటలు, వాటి మీద సైకిల్ తొక్కకూడదు. పొడుగు గీతలతో ఉండే బ్రైడిల్‌వేల (గుర్రపు స్వారీ బాటల) మీద తొక్కొచ్చు గానీ రోడ్డు సైకిల్‌తో ఆ బురదలోకి దిగి సాధించేదేమీ లేదు.

రోడ్డు మీదకి వెళ్ళాక బోర్డులు కూడా సాయం చేస్తాయి. భారీ వాహనాలకు అనువు కాదు అనే బోర్డు కనిపిస్తే సంతోషించండి, అది మీ దారే. బోర్డుల మీద దూరాలు మైళ్ళలో ఉంటాయి, ఒక మైలు 1.6 కి.మీ. అని మర్చిపోయి "ఇంకా నాలుగే కదా" అనుకుంటే చివర్లో ఏడుపొస్తుంది. లోయల్లో సిగ్నల్ పోతుంది, కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

2. రోజు ఎంచుకోవడం

మే, జూన్, సెప్టెంబరు. మేలో ఆవపూవులాంటి రేప్‌సీడ్ పూలతో చేలన్నీ పసుపు, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగే. డిసెంబరులో నాలుగు గంటలకల్లా చీకటి, వద్దు. శనివారం మేలు, ఎందుకంటే ఆదివారాలు పట్టాల పనులు పెట్టుకుని రైలు బదులు బస్సులు నడుపుతుంటారు, మామూలు సైకిల్‌ని ఆ బస్సుల్లో ఎక్కించుకోవడం కష్టం. టికెట్ కొనేముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ముందు రోజు రాత్రి వాతావరణం చూసేటప్పుడు వాన ఒక్కటే చూసి పడుకోకండి, గాలి ఎటు నుంచి, ఎంత వేగం అన్నది కూడా చూడండి. వానకి జాకెట్ ఉంది, ఎదురుగాలికి ఏ మందూ లేదు.

3. సైకిల్, టైరు, ముల్లు

సైకిల్ ఖరీదుదై ఉండక్కర్లేదు. మూడు చూసుకుంటే చాలు: బ్రేకులు పట్టాలి, వెనక గేర్లలో పెద్ద పళ్ళచక్రం 32 పళ్ళదో 34 పళ్ళదో ఉండాలి, టైరు 28 మి.మీ. కన్నా సన్నగా ఉండకూడదు, 32 అయితే ఇంకా సుఖం. గాలి రాయిలా గట్టిగా కొట్టించకండి. 28 టైరు, 70 కిలోల మనిషి అయితే 65-70 పీఎస్‌ఐ చాలు, ఈ గుంతల రోడ్ల మీద అంతకంటే గట్టిగా ఉంటే మణికట్లు నొప్పిపుడతాయి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు మాత్రం చట్టమే. నేనైతే పగలు కూడా వెనక లైటు వేసే ఉంచుతాను, చెట్లు కమ్ముకున్న దారుల్లో మిట్టమధ్యాహ్నం కూడా నీడ చిక్కగా ఉంటుంది.

ఇక పంక్చర్. ఇక్కడ చేల గట్ల మీద కంచెలా పెంచే పొదలన్నీ హాథార్న్, బ్లాక్‌థార్న్, పచ్చి ముళ్ళచెట్లు. పక్షులు గూళ్ళు పెట్టుకునే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా ఇంగ్లండ్‌లో రైతులు వాటిని కత్తిరించకూడదు. సెప్టెంబరు రాగానే ట్రాక్టర్లకి కత్తెరలు తగిలించి మొదలుపెడతారు, ముళ్ళన్నీ రోడ్డు మీదే. మన తుమ్మముల్లు దిగినట్టే ఉంటుంది, కాకపోతే ఇది ఇంకా సన్నం. అందుకే సెప్టెంబరులో వెళ్తే ట్యూబులు రెండు పట్టుకెళ్ళండి.

ట్యూబు మార్చడం అందరికీ వచ్చు, అందరూ మర్చిపోయేది ముల్లు తీయడం. నేను ఒకసారి ఐకమ్ ఊరి బయట గేటుకి సైకిల్ ఆనించి, పది నిమిషాల్లో కొత్త ట్యూబు వేసి, అబ్బో మనకీ వచ్చేసిందనుకుని మూడొందల గజాలు వెళ్ళానో లేదో మళ్ళీ చక్రం చప్పబడింది. ముల్లు టైరులోనే ఉంది. పైకి ఏమీ కనపడదు, లోపలివైపు అర మిల్లీమీటరు మొన పొడుచుకుని ఉంటుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది, అందుకని చేతిరుమాలు టైరు లోపల చుట్టూ మెల్లగా తిప్పండి, ముల్లున్న చోట దారం పట్టుకుంటుంది. అక్కడ టైరుని వంచి, బయటివైపు నుంచి గోళ్ళతోనో చిన్న పట్టకారుతోనో లాగండి. అంతటా రుమాలు జారిపోయింది అని నమ్మకం కుదిరాకే కొత్త ట్యూబు. రెండు టైరు లివర్లు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు కూడా సంచిలో ఉండాలి. దారి మధ్యలో రిపేరు షాపు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

4. రైలు

లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్‌లో వూస్టర్ వైపు వెళ్ళే రైలెక్కితే ఆక్స్‌ఫర్డ్ దాటాక కింగమ్ అనే చిన్న స్టేషన్ వస్తుంది, మొత్తం గంటన్నర అటూ ఇటూ. సైకిల్‌కి విడిగా చార్జీ లేదు గానీ చోటు చాలా తక్కువ, కాబట్టి టికెట్‌తో పాటే సైకిల్ చోటు కూడా రిజర్వ్ చేసుకోండి, రానూ పోనూ రెండింటికీ. మామూలు రోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో పూర్తి సైజు సైకిళ్ళకు ఆంక్షలుంటాయి. మడత సైకిల్‌కి ఈ గొడవ లేదు.

ఆ రైళ్ళలో సైకిల్‌ని నిలబెట్టరు, ముందు చక్రాన్ని కొక్కేనికి తగిలించి వేలాడదీస్తారు, అల్మారా అంత ఇరుకు చోటు. వెడల్పు హ్యాండిల్ ఉన్న మౌంటెన్ బైకులు పట్టక తిప్పలు పడుతుంటే చూశాను. ఎత్తడానికి ముందే బాటిళ్ళు, సంచులు తీసేయండి, బరువు సగమవుతుంది. పక్కన నిలబడ్డవాళ్ళని "కాస్త పట్టుకుంటారా" అంటే ఎవరూ కాదనరు.

5. కింగమ్ నుంచి స్వెల్ దాకా

స్టేషన్ బయటికి రాగానే ముందు కింగమ్ ఊళ్ళోకి, అక్కడి నుంచి డేల్స్‌ఫర్డ్ వైపు. ఇక్కడ తొందరపడి ముందుకి పోకండి, చర్చి ఆవరణలోకి వెళ్ళండి. స్కూల్ పుస్తకాల్లో చదివిన వారెన్ హేస్టింగ్స్ సమాధి అక్కడే ఉంది. ఇది ఆయన పూర్వీకుల ఊరు. కుటుంబం చేయి దాటిపోయిన ఎస్టేటుని ఇండియా నుంచి తిరిగొచ్చాక 1788లో మళ్ళీ కొన్నాడు, అదే ఏడు పార్లమెంటులో ఆయన మీద విచారణ మొదలై 1795లో నిర్దోషి అని తేలేదాకా నడిచింది, 1818లో ఇక్కడే పోయాడు. బెంగాల్ గవర్నర్ కాకముందు, 1769 నుంచి కొన్నేళ్ళు మద్రాసు కౌన్సిల్‌లో ఉన్నాడు. అప్పటికే మన ఉత్తర సర్కారులు మద్రాసు కుంఫిణీ చేతికి వచ్చేశాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా స్నేహితుడు ఆ రాయి ముందు నిలబడి బాటిల్ తీసి నీళ్ళు తాగి, "మొత్తానికి మన శిస్తు ఎక్కడికి చేరిందో చూశాం" అన్నాడు. హేస్టింగ్స్ కట్టించుకున్న ఇల్లు ప్రైవేటు ఆస్తి, లోపలికి పోనివ్వరు.

ఆ ఇంటికి ప్లాన్ గీసిన శామ్యూల్ పెపిస్ కాకరెలే ఈ చుట్టుపక్కల సెజిన్‌కోట్ అనే ఇంకో ఇల్లు కట్టాడు, 1805 ప్రాంతంలో, కుంఫిణీలో పనిచేసి వచ్చిన తన తమ్ముడి కోసం. దాని మీద మొఘల్ గుమ్మటం ఉంటుంది, ఇంగ్లండ్ గొర్రెల మేత మధ్యలో! ఈ దారికి అది కాస్త దూరం, ఇంకోరోజు పెట్టుకోండి. అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళాలి.

డేల్స్‌ఫర్డ్ తర్వాత ఏ436 జాగ్రత్తగా దాటి ఆడల్‌స్ట్రాప్, అక్కడి నుంచి ఈవెన్‌లోడ్, బ్రాడ్‌వెల్. ఈ ముక్కలో ఎక్కుడు పెద్దగా లేదు, కాళ్ళు వేడెక్కడానికి మంచిది. ఆడల్‌స్ట్రాప్‌లో ఒకప్పుడు రైలు ఆగేది, స్టేషన్ 1966లో మూసేశారు, పాత బోర్డు మాత్రం ఊళ్ళో బస్ షెల్టర్‌లో పెట్టారు.

బ్రాడ్‌వెల్ దాటగానే ఫాస్ వే అడ్డొస్తుంది. రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా ఆగండి, సిగ్గుపడకుండా దిగి నడిపించుకుంటూ దాటండి. అవతల డానింగ్టన్, తర్వాత ఏ424 దాటి అప్పర్ స్వెల్, లోయర్ స్వెల్. పైన గుట్ట మీద కనిపించేది స్టో-ఆన్-ది-వోల్డ్, 1646 మార్చిలో ఇంగ్లండ్ మొదటి అంతర్యుద్ధపు చివరి పెద్ద పోరు జరిగిన ఊరు. టాయిలెట్, షాపు కావాలంటే అక్కడికి ఎక్కి రావచ్చు. అక్కర్లేకపోతే వదిలేయండి, అన్ని పెద్ద రోడ్లూ అక్కడే కలుస్తాయి.

6. ఇరుకు దారిలో ఎలా నడుచుకోవాలి

ఇది మధ్యలో చెప్పడానికి కారణం ఉంది, ఈపాటికి మీకు ధైర్యం వచ్చేసి ఉంటుంది, ప్రమాదం జరిగేది అప్పుడే.

మనలాగే ఇక్కడా ఎడమ పక్కే. అలాగని గడ్డి అంచుకి అతుక్కుపోకండి, అక్కడే గుంతలు, ముళ్ళు, కంకర అన్నీ పోగవుతాయి. 2022లో మార్చిన హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం ఖాళీ రోడ్ల మీద సైకిల్ వాళ్ళు లేన్ మధ్యలో తొక్కొచ్చు, వెనక కారు వస్తే వీలైన చోట పక్కకి జరిగి దారివ్వాలి. మిమ్మల్ని దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు వదలాలి. ఈ దారుల్లో చాలావాటికి వేగ పరిమితి గంటకు 60 మైళ్ళు, చూస్తే నవ్వొస్తుంది, కారు పట్టే వెడల్పే లేదు. అయినా మలుపు అవతల ట్రాక్టర్ ఉందనుకునే దిగండి, కనిపించే దూరంలో సగంలోనే ఆగగలిగేంత వేగం చాలు.

ఎదురుగా కారు వస్తే అక్కడక్కడా రోడ్డు కాస్త ఉబ్బినట్టు వెడల్పు చేసిన చోట్లుంటాయి, ఎవరు దగ్గరుంటే వాళ్ళు అందులోకి తప్పుకుంటారు. మీ కోసం ఎవరైనా ఆగితే చెయ్యెత్తండి. చెయ్యెత్తకుండా పోయేవాడిని ఇక్కడి పల్లెటూళ్ళవాళ్ళు తేలిగ్గా క్షమించరు.

గుర్రాలు ఎదురైతే పద్ధతి వేరు. వెనక నుంచి సైకిల్ చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి గుర్రం బెదురుతుంది. దూరం నుంచే "హలో" అని మామూలు గొంతుతో పలకరించండి, స్వారీ చేసేవాళ్ళు చూశాక, మెల్లగా, చాలా ఎడంగా దాటండి.

7. స్లాటర్‌లు, చప్టా, నా మోకాలు

లోయర్ స్వెల్ నుంచి అప్పర్ స్లాటర్ వైపు పసుపు దారి పట్టండి. ఊచకోత అనే అర్థం వచ్చే పేరేంటని భయపడక్కర్లేదు, బురద నేల అనే పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందంటారు. పైగా ఈ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళంతా ప్రాణాలతో తిరిగొచ్చారు. ఇలాంటి ఊళ్ళని ఇక్కడ థ్యాంక్‌ఫుల్ విలేజ్‌లు అంటారు, రెండు యుద్ధాల్లోనూ ఆ అదృష్టం దక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చర్చి కింద పల్లంలో ఐ అనే చిన్న ఏరు రోడ్డు మీదుగా పారుతుంది, అచ్చం మన చప్టాలాగే. నీళ్ళు చీలమండ లోతు కూడా ఉండవు, అడుగున రాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి, చూడగానే జుయ్యిమని దూసుకుపోవాలనిపిస్తుంది. నేను దూసుకుపోయాను. రాళ్ళ మీద నాచు ఉంటుందన్న సంగతి చిన్నప్పటి నుంచి తెలిసినవాడినే, ముందు చక్రం ఎప్పుడు జారిందో కూడా తెలియలేదు, మోకాలు చిప్ప పగిలినంత పనైంది, బాతులు రెండు పక్కకి జరిగి చూశాయి. పక్కనే రాతి నడక వంతెన ఉంది. సైకిల్ దిగి దాని మీద నుంచి నడవండి.

ఇక్కడి నుంచి లోయర్ స్లాటర్ మైలు దూరమే. మెల్లగా పోతూ ఇళ్ళ పైకప్పులు చూడండి. తేనె రంగు సున్నపురాయి గోడలు అందరూ చూస్తారు, పైన పరిచిన రాతి పలకల్ని గమనించేవాళ్ళు తక్కువ. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేతి అంతే. ఒకసారి కన్ను పడితే ఇక ప్రతి ఊళ్ళోనూ అదే చూస్తారు.

తిండి ఇక్కడే పెట్టుకోవడం మంచిది. పబ్బుల్లో వంటగది చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, రెండున్నరకి మూసి మళ్ళీ సాయంత్రమే తెరుస్తారు, మూడింటికి ఆకలితో వెళ్తే చిప్స్ ప్యాకెట్టే గతి. నా మట్టుకు పులిహోర. పొద్దున కలిపి రేకు కాగితంలో రెండు పొట్లాలు కట్టుకుంటే, సాయంత్రానికి కూడా పాడవదు, ఉప్పు కూడా ఒంట్లోకి చేరుతుంది. నీళ్ళు అయిపోతే ఏ పబ్బులోనైనా అడగండి, అక్కడే కూర్చుని తాగే మద్యం అమ్మే చోట కస్టమర్లు అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో నిబంధన. వాన పట్టుకుంటే చర్చి ముందు వసారాలో బెంచీలుంటాయి, కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు.

8. తిరుగు దారి

లోయర్ స్లాటర్ నుంచి మళ్ళీ ఫాస్ వే దాటి విక్ రిసింగ్టన్. గుస్తావ్ హోల్‌స్ట్ అనే పెద్ద సంగీతకారుడు 1892లో పదిహేడేళ్ళ వయసులో ఇక్కడి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఊళ్ళో పచ్చిక, చెరువు, బాతులు, ఇంకేమీ లేదు, అదే బాగుంటుంది.

ఆ తర్వాత ఐకమ్ వైపు ఎక్కుడు మొదలవుతుంది, ఇవాళ్టికి గట్టి పరీక్ష ఇదొక్కటే. కష్టం మొదలయ్యాక గేరు మార్చబోతే చైను కరకరలాడుతుంది, ముందే చిన్న గేరుకి వచ్చేయండి, సీటు మీదే కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ తొక్కండి, పక్కనున్న గొర్రె కూడా మిమ్మల్ని దాటేస్తున్నట్టుంటుంది, పర్లేదు. నడిపించుకుంటూ పోయినా తప్పులేదు. పైకెళ్ళాక ఏ424 దాటితే ఐకమ్, అక్కడి నుంచి బ్లెడింగ్టన్ దాకా దాదాపు దిగుడే. బ్లెడింగ్టన్‌లో ఊరి పచ్చిక పక్కనే పబ్బు ఉంటుంది, అక్కడ కూర్చునే ముందు రైలు టైము చూసుకోండి, స్టేషన్ ఇంకా మైలు దూరం, రైళ్ళు దాదాపు గంటకొకటే.

కింగమ్‌కి ఇరవై నిమిషాలు ముందే చేరండి. సైకిళ్ళు పెట్టే బోగీ ప్లాట్‌ఫారం మీద ఎటువైపు వస్తుందో అడిగి అక్కడే నిలబడండి, రైలు ఆగేది కాసేపే, సైకిల్ పట్టుకుని బురద బూట్లతో ప్లాట్‌ఫారం పొడుగునా పరిగెత్తడం నాకు అనుభవమే. చక్రాలకి అంటిన బురద గడ్డి మీద దొర్లించి వదిలించండి, పక్కవాళ్ళ కోటుకి అంటకుండా. రెండో పులిహోర పొట్లం విప్పేది ఇక్కడే.